ఐదు మార్కుల ప్రశ్న

పదిహేనేళ్లుగా నల్లబల్ల మీద అదే గీత గీస్తున్నాను.
ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి,
జారుడుబల్లలా.
ధర పెరిగిన గిరాకీ తగ్గును. రాసుకోండి.
తగ్గనివాటికి ఉదాహరణ, ఉప్పు.
నారాయణగూడ ఫ్లైఓవర్ కింది హారన్లు
కిటికీలోంచి వచ్చి నా వాక్యాన్ని సగంలో తెంపుతాయి.
ఉప్పు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఆవలిస్తారు.

ఈసారి ఇంటర్నల్ పరీక్షలో
అవ్యాకోచ డిమాండును సోదాహరణముగా వివరింపుము అంటే
లోహిత్ ఉప్పు రాయలేదు.

మొదటి రెండు లైన్లు పుస్తకం భాష.
తర్వాత ఇంటి భాషలోకి జారిపోయాడు.

"సార్, మొదటిసారి ధర సున్నా.
హాస్టల్ టెర్రస్ మీద సీనియర్ బర్త్‌డే.
కేకు ముక్క లెక్క చేతుల పెట్టిన్రు.
రెండోసారి చాయ్ బిస్కెట్ పైసలు,
ఆరుగురం వేసుకుంటే మనిషికి అంతే పడ్డది.
మాల్ బాగా దిగిన నెల బిర్యానీ కంటే సస్తా సార్.
సస్తా ఉన్నప్పుడే మా రూముకు కొత్తోళ్లు వచ్చిన్రు,
డిస్కౌంట్ బోర్డు చూసి చెప్పుల షాపుకు పోయినట్టు.

తర్వాత ఎక్కడ్నో లారీ పట్టుకున్నరట.
వారంల రేటు మూడింతలు.
మీ గీత కరెక్టే సార్,
ఆరుగురిల నలుగురు బంద్ చేసిన్రు.
విఘ్నేష్ జిమ్ముల చేరిండు.
మిగిలింది నేను, అర్బాజ్.

మేం గూడ తగ్గించినం సార్.
పొద్దుగాల ఇడ్లీ తగ్గించినం.
మెస్సుల రాత్రి తిండి తగ్గించినం.
బస్‌పాస్ బంద్ చేసి రామంతాపూర్ నుంచి నడిసినం.
హెల్మెట్, ఇయర్‌ఫోన్లు, అక్క పంపిన సెమిస్టర్ ఫీజు.
అది మాత్రం తగ్గలే.

అర్బాజ్ ఇంకా సస్తా దొరికేదానికి మారిండు.
ప్రత్యామ్నాయ వస్తువు అంటరు గద మీరు,
టీ లేకుంటే కాఫీ.
వాడిప్పుడు గాంధీల ఉన్నడు, నాలుగో అంతస్తు."

కింద పటం కూడా వేశాడు.
దాదాపు నిటారు గీత. స్కేలు లేదు,
కరెంటు స్తంభం మీంచి వేలాడే కేబుల్ తీగలా వణికింది.
నిలువు గీత పక్కన 'ధర' అని రాసి కొట్టేసి
'అమ్మినవి' అని రాశాడు.

జూలైలో ఒక మధ్యాహ్నం
స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి
జిరాక్సులకు రెండొందలు అడిగాడు.
ఇచ్చాను.
ఇచ్చినందుకు సాయంత్రందాకా
నేను మంచివాణ్ణన్న వేడి ఒకటి జేబులో ఉండింది.
ఆ నోటు ఈ గీత మీద ఎక్కడో చుక్కయి ఉంటుంది.

నిర్వచనం సరిపోయింది.
పటానికి కొలత లేదు, అరమార్కు కొట్టెయ్యాలి.
ఉదాహరణ సిలబస్‌లో లేదు.
ఎర్రపెన్ను మూత తీసి అరగంటైంది.

నిన్న హాజరు పిలిస్తే
నలభై మూడో నంబరుకి వెనకబెంచీలోంచి
"ప్రెజెంట్ సార్" అని వినబడింది.
తలెత్తకుండానే టిక్కు పెట్టి
నలభై నాలుగుకి వెళ్లిపోయాను.
ఇప్పుడు గుర్తొస్తోంది,
ఆ గొంతు వాడిది కాదు.

ఆఫీసులో గుమాస్తా మేరీ రత్నం గారిని అడిగి
వాళ్ల అక్క నంబరు తీసుకున్నాను.
చేతిలో వేరే కాయితం లేదు.
మార్కులు వేసే గడిలో రాశాను.
పది అంకెలు పట్టలేదు,
చివరి నాలుగూ వాడి పేరు మీదికి వెళ్లాయి.