ఇరవై నెలలు

ముసలి ఎలుకలు ఖరీదు.
ఇరవై నెలలు మేత పెట్టాలి, పొట్టు మార్చాలి,
ఈలోగా కొన్ని ఊరికే చచ్చిపోతాయి.
అందుకే చాలాకాలం చాలామంది
మూడు నెలల పిల్లల మీదే పరీక్షలు చేశారు.
జబ్బేమో ఎక్కువగా అరవై దగ్గరపడ్డవాళ్లది.
డండీలో, టే నది కనబడే ఈ గదిలో
వాటికి నీళ్లు పెట్టేదాన్ని నేను, సెంగాని.
ఇరవై నెలలంటే ఎలుక లెక్కలో నా వయసే.

అవే కణాలు, అదే లెక్క,
ఒకే ఉదయం, ఒకే చెయ్యి.
లేత కడుపులో నాలుగైదు గింజలు.
ముసలి కడుపులో
లెక్కపెట్టడం మధ్యలో ఆపేసి టీ పెట్టుకున్నాను.

అండాశయం వదిలిన కణం
నెత్తురుదారి కోసం ఆగక్కర్లేదు.
కడుపునీటిలో తేలుతూ
అద్దెగది వెతికేవాడిలా తలుపు తలుపూ తడుతుంది.
వయసొచ్చిన గోడ తనే తలుపు తీస్తుందా,
గడియ అరిగిపోయిందా,
డాక్టర్ ఉర్కర్ట్ ఇంకా తేల్చలేదు.

"విత్తనం ఒకటే, నేల వేరు" అని చెప్పాడాయన,
కోసిన ముక్కల్ని మాకు దానమిచ్చినవాళ్లని పిలిచిన రోజు.
వెనక వరసలోంచి నెట్టా లోరిమర్ అంది:
"నేను పొలాన్ని కాను నాయనా. నేత మనిషిని."

ముప్పై ఒక్క ఏళ్లు జనపనార మిల్లులో మగ్గం.
చెవుల్ని ఆ చప్పుడులోనే వదిలేసి వచ్చింది.
మాటల్ని పెదాల మీద చదువుకుంటుంది.
సూక్ష్మదర్శిని మీదికి వంగి
తన కడుపు పొరేనని తెలిసీ
గుడ్డని చూసినట్టు చూసింది.
పక్కన ముప్పై ఏళ్ల ఎవరిదో పొర పెట్టాను.
"ఇది వదులు నేత. దారానికీ దారానికీ మధ్య ఊపిరుంది.
నాది చూడు, పడుగంతా ఒకేవైపు బిగలాగేశారు,
పేక జాడే లేదు.
ఇలాంటి గోనెకి ఏ నలుసైనా పట్టుకుంటుంది.
దులిపినా పోదు."

అదే మాట చెప్పడానికి
మాకు పద్నాలుగు పేజీలు పట్టింది.

పేగుల మీద వేలాడే కొవ్వు తెర చూపించాను,
కణాలు కుదురుకుని మేసే చోటు.
"మా అమ్మమ్మ రోజుల్లో
నార మెత్తబడాలని తిమింగలం నూనె పోసేవారు.
నూనె లేనిదే ఏదీ నడవదమ్మా,
మిల్లయినా, ఇదయినా."

ముసలిదాన్నవడం నా తప్పా అని
ఆమె అడగలేదు.
నాకే ఎందుకో వినబడింది.

మిల్లులో వాళ్లకో సైగ ఉండేదట.
మేస్త్రీ వస్తుంటే కాలరు మీద రెండు వేళ్లు.
ఫిబ్రవరిలో, మందు ఎక్కించే గదిలోకి
ఉర్కర్ట్ అడుగు పెట్టగానే
నెట్టా నా వైపు చూసి, రెండు వేళ్లు.
నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను.

ఏప్రిల్లో ఆమె పొర ఇంకో ముక్క వచ్చింది.
ఈసారి కాగితం మీద సంతకం కూతురిది.
నేనే కోశాను, నాలుగు మైక్రాన్ల మందాన.
తొందరపడలేదు.

ఇవాళ నల్లదానికి ఇరవై నిండాయి.
బోను చీటీ మీద తేదీ వేశాను.
ఒక చెవి చిరిగింది, నడుం గూనిదేలింది,
నా వేలు వాసన చూసి
మళ్లీ పొట్టులోకి దూరింది.
వరండాలో బూట్ల చప్పుడు.
చెయ్యి దానంతటదే కాలరు దాకా వెళ్లింది.
బోనులో ఎవరూ తలెత్తలేదు.