ఏ

జూలై ముసురులో వచ్చారు పదకొండుమంది
శబరి అవతలి నించి, సగం దూరం లాంచీ, సగం బస్సు.
వాంతులైన చొక్కాలు.
ఒక్కొక్కడి మెడలో తాడు, తాడుకి అట్టముక్క,
అట్టముక్క మీద నంబరు.
వార్డెను జ్ఞానప్రకాశంగారు
పార్సిళ్లు దింపించుకున్నట్టే దింపించుకున్నారు.
ఆయన్నేం అనను, వాన అలా ఉంది.

నాది ఒకటో తరగతి.
ఇరవై రెండేళ్లుగా మిషను బళ్లో ఒకటో తరగతే.
పలక పట్టించడం, ముక్కు తుడవడం,
అన్నం ముందు కళ్లు మూయించడం.
మూసిన రెప్పల సందులోంచి
గుడ్డు ఎవరికి పెద్దది పడిందో చూస్తారు.
దేవుడికి తెలుసు, నాకూ తెలుసు.

రిజిస్టరులో మడకం ఇడమ.
"నోరు తిరగదమ్మా, దానియేలని రాసెయ్యండి" అన్నాడు గుమాస్తా.
కలం మూత తీశాను.
ఇదే బీరువాలో, చెదలు కొరికిన అడుగు అరలో
మా నాయనమ్మ పేరుంది.
పోలి, కొట్టేసి, రూతు.
ఆ కొట్టివేత ఎంత తిన్నగా ఉంటుందో,
దొరసాని స్కేలు పెట్టి గీసిందట.
రూతుగానే చదువుకుంది,
మా పేటకొచ్చిన మొదటి ఉత్తరం గడపలో నించుని
పైకి చదివింది రూతే.
ఆఖరి జ్వరంలో మాత్రం
పోలీ అంటేనే పలికేది.

కలం మూత పెట్టేశాను.

మూడోనాడు లెక్కల వేళ ఆ పిల్లాడు లేచి
"ఏరు" అన్నాడు.
"ఏరూ లేదు గీరూ లేదు, కూర్చో."
నా భయం నాది. పోటుకి గోదారి బడిమెట్ల దాకా వస్తుంది,
కిందటేడు ఒక పిల్లని వలేసి తీశారు.
మళ్లీ "ఏరు."
బెత్తం బల్ల మీద కొట్టాను.
బల్ల మీదే. అయినా.
మూడోసారి అడగలేదు.
కిటికీ ఊచకి వేలాడుతున్న వాన చుక్కని
వేలితో తీసి నాకాడు.

వాళ్ల కోయమాటలో ఏరంటే నీళ్లట.
తాగే నీళ్లు. గ్లాసుడు.
ఏడో తరగతి సోందు నవ్వుతూ చెప్పాడు,
"నేనొచ్చినప్పుడు రెండ్రోజులు అడిగా, టీచరుగారూ."
రెండ్రోజులు.
అప్పుడూ ఒకటో తరగతి నాదే.

కుండ దగ్గరకి నేనే తీసుకెళ్లాను.
ఒక్క గుక్క తాగి ఊసేశాడు. ఉప్పు.
మాకు తెలీదు, ఈ బోరుతోనే పెరిగిన నాలుకలు.

గోడ మీది పటంలో ఏ కింద ఏనుగుంది.
ఈ లంకల్లో ఏనుగు మొహం చూసిందెవరు?
నేనొకసారి చూశాను, సర్కసులో, అదీ ముసలిది.
దాని మీద తెల్లకాగితం అంటించి
నీలం పెన్సిలుతో ఒక అల గీశాను,
పక్కన ఒక గ్లాసు, వంకరగా వచ్చింది.

డిసెంబరులో ఇన్‌స్పెక్టరు వచ్చారు.
"ఏ అంటే?"
"ఏరు!" పైకప్పు పెంకులు కదిలాయి.
"ఏరు ఎక్కడుంది?"
జాలరిపేట ఎస్తేరు చెయ్యి గోదారి వైపు లేచింది,
ఇడమ చెయ్యి కుండ వైపు.
ఆయన రాసుకున్నారు:
జవాబులు తృప్తికరం. అల్లరి ఎక్కువ.

ఆ సాయంత్రం మెట్ల మీద వాడి పక్కన కూర్చున్నాను.
ఎగువ నించి ఒక పుల్ల వస్తోంది.
పోటు తిరిగింది.
పుల్ల కాసేపు తటపటాయించి
వచ్చిన దారినే వెనక్కి కదిలింది.
"టీచరుగారూ," అన్నాడు తెలుగులో, మొదటిసారి ఒక వాక్యం నిండా,
"అది ఇంటికి పోతంది."

పోటు ఎందాకా మోస్తుందో నాకు తెలుసు,
పాటు ఎన్నింటికి మొదలౌతుందో కూడా.
లోపల ప్రార్థన గంట కొట్టారు.
ఇద్దరం లేవలేదు.