తెల్ల రాతిపువ్వు

ముప్పై ఒక్క ఏళ్ళు కుహ్మో చుట్టుపక్కల
సైకిల్ మీద ఉత్తరాలు పంచాను.
సరస్సు అవతల ఒంటిగా ఉండే హీర్వోనెన్‌కి
పడవేసుకుని వెళ్ళి మరీ పింఛను కాగితం ఇచ్చొచ్చాను.
తలుపు మీద పేరు లేకపోయినా
కుక్క మొరుగుని బట్టి ఇల్లు చెప్పేదాన్ని.
నా ఒంట్లోనే ఉన్న ఒక్క చోటికి మాత్రం
చిరునామా రాయడం చేతకాలేదు.

‘అక్కడ’ అనేదాన్ని.
అమ్మ ‘కింద’ అనేది,
నేలమాళిగలో బంగాళాదుంపల సంగతి చెప్పినట్టు.

అక్కడ దురద.
రాత్రి రెండింటికి సరస్సు మీద మంచు పగిలే చప్పుడుకి లేస్తే
అది నాకంటే ముందే లేచి కూర్చునుండేది.
ఫంగస్ అన్నాడొకాయన, చూడకుండానే.
వయసు అన్నాడింకొకాయన, ఆయనా చూడలేదు.
మందుల షాపులో అదే ట్యూబు ఆరేళ్ళు కొన్నాను.
కౌంటర్లో మా పాత పోస్ట్‌మాస్టర్ కోడలుంటే మటుకు
దగ్గు మాత్రలు కొనుక్కుని తిరిగొచ్చేసేదాన్ని.
పదకొండు డబ్బాలు, ఇంకా అల్మారాలోనే ఉన్నాయి.

సైకిల్ మానేశాను. మోకాలు అని చెప్పాను.
ఎయినో దగ్గరికి జరిగితే నిద్ర అని చెప్పాను.
పోయేదాకా ఆ నిద్రనే నమ్మాడు పాపం.
దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

శనివారం సౌనాలో అందరం
నూలుపోగు లేకుండానే కూర్చుంటాం.
కోతల మచ్చలు, జారిన రొమ్ములు, ఉబ్బిన నరాలు,
ఎవరివి ఎవరికి కొత్త?
రాళ్ళ మీద నీళ్ళు చల్లి, సిల్వి
పొయ్యితో మాట్లాడుతున్నట్టు అంది:
“నాకు అక్కడ తోలు తెల్లబడింది.
ఒంటేలుకి పోతే నిప్పు.
పన్నెండేళ్ళుగా మందు రాసుకుంటున్నా.”
ఎవరూ పలకలేదు.
ఆవిరి అణిగేదాకా ఆగి
“ఏ డాక్టరు?” అన్నాను.

కయానీలో డాక్టర్ రౌతియో, మనవరాలి వయసు.
దీపం వంచి చూసింది. నిజంగా చూసింది.
తర్వాత నా చేతికి అద్దమిచ్చి
వెలి పెదవి, లో పెదవి, ఇదిగో ఈ మడత పూడిపోయిందని
వీధి వీధీ చదివింది,
గొంతు తగ్గించకుండా.
సిగరెట్ కాగితంలా ముడతపడ్డ తెలుపు.
పుట్టి డెబ్బై నాలుగేళ్ళయ్యాక
ఆ ఊరు మొదటిసారి చూశాను.

జబ్బు పేరు వల్కోయాక్యలా, అంది.
తెల్ల రాతిపువ్వు!
పైన్ చెట్ల కింద, బండల మీద పూసేది,
చలికాలం రెయిన్‌డీర్లు మంచు తవ్వుకుని తినేది.
పడీ పడీ నవ్వాను ఆ బల్ల మీదే, కాళ్ళు చాపుకుని.

బఠాణీ గింజంత లేపనం.
నెల్లాళ్ళు రోజూ రాత్రి, ఆపైన రాత్రి విడిచి రాత్రి,
ఆ తర్వాత వారానికి రెండుసార్లు.
సబ్బు తగలనివ్వొద్దు. నూలు లోదుస్తులే.
మానని పుండు గానీ గడ్డ గానీ కనబడితే
ఏడాది పరీక్షదాకా ఆగకుండా రమ్మంది.
“పోతుందా?”
“పోదు. మాట వింటుంది.”

ఆవలి గట్టుకి టపా
మంగళవారం, శుక్రవారం వెళ్ళేది.
నా మందుకీ ఆ రోజులే పెట్టుకున్నాను.
కొన్ని రాత్రులు ఇంకా మండుతుంది. అబద్ధమెందుకు.

నిన్న మందుల షాపులో ఆ కోడలే ఉంది.
చీటీ ఇచ్చి, ఎక్కడ రాసుకునేదో
దాని పేరు పెట్టే చెప్పాను.
వెనక క్యూలో ఎవరిదో సంచీ జారింది.
ఆ పిల్ల ట్యూబు తెచ్చి, అలవాటు కొద్దీ అడిగింది,
“దగ్గు మాత్రలు?”
వద్దన్నాను.