తేడా ఒకటి

తుగ్గలి దాటి లోపలికి, ఒకటో తరగతి గది.
గోడ మీద అ అమ్మ, ఆ ఆవు.
కింద రెండు అట్టల చాటు మిషన్లు:
తెల్లకాగితం అంటించింది ఢిల్లీకి,
గులాబీరంగుది మనకు.
తెల్లది నా వంతు. బటన్ నొక్కి
కూత కోసం చెవి పెట్టుకుని ఉండాల.
ఒక మనిషికి రెండు కూతలు.
వేలికి మాత్రం ఒకటే సిరా.

పొద్దున్నే దూదేకుల కాశింసా మొదలుపెట్టినాడు:
"రెండు పెండ్లిండ్లు ఒగే పందిట్లో చేస్తే
సుట్టాలకేం లాభం మేడం?
మునుపు ఎంపీకని ఒగతూరి, ఎమ్మెల్యేకని ఒగతూరి వచ్చేటోళ్ళు.
రెండుతూర్లు బోరు బాగయ్యేది.
ఇప్పుడు అయిదేండ్లకు ఒగటే దండం.
ఖర్చు మిగిలిందంట.
యాడ మిగిలిందో!"
ఏజెంట్లు నవ్వినారు. నేను నవ్వకూడదు.

పదకొండుకు మద్దమ్మ.
రాత్రి వాన పడిందని తెల్లారుజామునుంచి
చేన్లలో రాళ్ళు వెతికి వచ్చింది.
కొంగున ఏదో ముడి. కండ్లు ఇంకా నేలమీదే.
ముప్ఫయ్యేండ్లుగా వెతుకుతాంది,
వజ్రం దొరికినట్టు ఎవరూ చెప్పరు.

నేను బటన్ నొక్కినా. ఎర్రదీపం వెలిగింది.
కూత లేదు.
అట్ట కింద ఆమె పాదాలు కనిపిస్తాన్నాయి,
ఎర్రమన్ను ఎండి, బీటలు వారి,
కదలకుండా.
బయట వరుసలో ఎవరో దగ్గినారు.
పాదాలు పక్కకు జరిగినాయి.
గులాబీది వెంటనే కూసింది.

"అమ్మా, తెల్లది మిగిలింది" అన్నాడు ప్రిసైడింగ్ సారు.
"చూసినా సామీ.
ఈడున్నోడు మా అరుగుమీద కూచోని మజ్జిగ తాగినాడు.
మొగం మీదే తిట్టినా గూడా.
ఆడ పదిమంది బొమ్మలు, ఒగరినీ ఎరగను.
ఎరగనోని వాకిలి ఎట్ల తట్టేది?"
"నోటా ఉంది కదమ్మా" అన్నాడొక ఏజెంటు.
"ఆయప్పను గూడా ఎరగను నాయనా."

బయట టెంపో హారన్. పోయింది.
సారు మిషన్ ఆపి, మళ్ళీ పెట్టి,
మెడ తుడుచుకున్నాడు.

సాయంత్రం లెక్క.
గులాబీ ఏడువందల నలభై రెండు.
తెల్లది ఏడువందల నలభై ఒకటి.
మూడుతూర్లు కూడినాం.
కారణం రాసే గడి అరంగుళం.
'ఓటు వేయుటకు నిరాకరించినారు'
అని ఇరికించి రాసినాడు సారు.
నిరాకరించలేదు సార్,
చానాసేపు నిలబడింది, అనబోయి
లక్క కరిగించడానికి
కొవ్వొత్తి ముట్టించినా.