పుస్తకాల బండి దగ్గర

ఇంజను ఆపెయ్ ఐవార్, ఆ డీజిలు వాసనకి
చెప్పాలనుకున్నది మరిచిపోతాను.
ఇవిగో, మూడు తిరిగిచ్చేస్తున్నాను.
నాలుగోది ఇవ్వను. దాని సంగతి తర్వాత.

ముందు ఈ ఇటుకరాయి. డ్రాగన్ల మూడో భాగం.
ఎనిమిది వందల పన్నెండు పేజీలు,
మణికట్టు రెండ్రోజులు లాగేసింది.
మొదట్లో పటం గీశాడు చూడు,
ఆ నది సముద్రంలో పుట్టి కొండెక్కుతోంది.
సరే, మంత్రాల దేశం, ఎక్కనీ.
కాని గుర్రం?
మూడు పగళ్లు మూడు రాత్రులు పరిగెడుతుంది,
ఒక్కడూ జీను విప్పడు,
డెక్కలో ఇరుక్కున్న రాయి తీసే దిక్కు లేదు.
ఇరవై ఆరేళ్లు గుర్రపుసాలలో పేడ ఎత్తినదాన్ని.
నీళ్లడగని గుర్రం కన్నా
నిప్పు కక్కే బల్లిని నమ్మడం నాకు తేలిక.

రెండోది పాత టాలిన్ కథ. ఉప్పు వర్తకుడి పెళ్లాం.
రాసినామె కష్టపడింది, కాదనను.
ఒక్క బొత్తానికే నాలుగు పేజీలు:
ఏ ఎముక, ఎవరు చెక్కారు, ఎన్ని చిల్లులు.
కొత్తగా రంగేసిన గదిలో కూర్చున్నట్టుంది,
ఎక్కడ చెయ్యి ఆనిస్తే అక్కడ అంటుకుంటుంది.
తీరా ఆ బొత్తాం విప్పితే
లోపలున్నది మా మనవరాలు లీసి!
ప్లేగు వీధిలో నిలబడి
"నా జీవితం నా ఇష్టం" అంటుంది.
ఆరొందల ఏళ్ల కిందటి ఆడది
అలా అనుకోలేదని కాదు ఐవార్.
అనుకునే ఉంటుంది. వేరే మాటల్లో.
ఆ మాటలు వెతకొద్దూ,
బొత్తాం వెతికినంత ఓపికగానైనా?

నవ్వకు. ఫ్లాస్కు తెచ్చాను, కప్పు పట్టుకో.

మూడోది, నలభై తొమ్మిది మార్చి.
అట్ట మీద లారీ, మంచు, ఒక ఎర్ర శాలువా.
పాతికేళ్ల కుర్రాడు రాశాడట, బహుమతీ వచ్చిందట.
తప్పు ఒక్కటీ లేదు. తేదీ సరే, లారీ సరే,
రైలు పెట్టె నేలకి కొట్టిన కన్నం కూడా సరే.
కాని అందులో అందరూ వెంటనే ఏడుస్తారు, బిగ్గరగా.
సైనికులందరిదీ ఒకటే మొహం.

నాకప్పుడు ఆరేళ్లు.
మా ఇంటికొచ్చినవాడికి జలుబు.
ముక్కు తుడుచుకుంటూ అమ్మతో
కుట్టుమిషను పట్టుకో, పనికొస్తుంది అన్నాడు.
అమ్మ మిషను వైపు చూడలేదు.
తొట్టిలో రై పిండి పొంగుతోంది.
దాని మీద తడిబట్ట కప్పింది,
అంచులు చుట్టూ నొక్కింది, మళ్లీ నొక్కింది.
ఇచ్చింది గంట. అందులో ఎంతసేపో అక్కడే.
నవలలో రాస్తే ఎవరైనా కొట్టేస్తారేమో,
కథ నడవట్లేదని.

ఇక ఈ నాలుగోది. సన్నది, అట్ట కూడా ఊడింది.
డ్రాగన్లు లేవు, పటం లేదు.
ఒక ఊళ్లో రాత్రికో ఇల్లు మాయమవుతుంది.
తెల్లారి పక్కింటివాళ్లు వచ్చి
కంచె కొద్దిగా జరుపుతారు.
అంతే. మాంత్రికుడు రాడు, ఎందుకని ఎవరూ అడగరు.
గొప్ప పుస్తకమేం కాదు,
చివరి నలభై పేజీలు సాగదీసింది,
ఆ ప్రేమకథ ఎవరడిగారు?
అయినా ఆ కంచె దగ్గర పుస్తకం మూసి
పెరట్లోకి వెళ్లి కట్టెలు చీల్చాను,
చీల్చాల్సినవేం లేకపోయినా.

ఎనిమిదేళ్లకి తిరిగొచ్చాం.
పక్కింటి సల్మే మా తొట్టి తెచ్చిచ్చింది,
తోమి, ఎండబెట్టి.
రొట్టె తొట్టిని మావాళ్లెవరూ కడగరు, నీకు తెలుసుగా.
అంచున అంటుకున్న పిండే మర్నాటికి పులుపు.
అమ్మ ఆ తెల్లటి చెక్క మీద చెయ్యి రాసి చూసింది.
ఆ రోజు రొట్టె ఎవరు కాల్చారో
అమ్మ అడగలేదు, ఆమె చెప్పలేదు.
పులుపు కావాలంటే మాత్రం
సల్మే తన తొట్టిలోంచి గుప్పెడు తీసిచ్చింది.
అది వాళ్లదో, మాదో.

గడువు దాటిందని జరిమానా రాసుకో.
వచ్చే గురువారం
డ్రాగన్ల నాలుగో భాగం వచ్చిందేమో కనుక్కో.
తిడతాను, అయినా తే.
ఆ గుర్రానికి ఎవరైనా నీళ్లు పెట్టారేమో చూడాలి.