పన్నెండో జత

బక్కాలాలో ఏడొందల యాభై ఫిల్సుకి
ఇవాళ కొత్త చెప్పులు కొన్నాను ప్రభువా.
నీలం రంగు, రబ్బరువి.
పన్నెండో జత.
లెక్క నీకు తెలిసిందే గానీ
ఒకసారి పైకి చెప్పుకోవాలనిపించింది.

ఎడారిలో నలభై ఏళ్లు నడిపించావు కదా వాళ్లని,
కాళ్లు వాయలేదంట, చెప్పులు అరగలేదంట.
మా పరంజ్యోతి అయ్యగారు ఆ సంగతి చెప్పిన ఆదివారం
రేకుల కింద, విసనకర్ర ఆపేసి మరీ విన్నాను.
నాకు అరిగాయి.
మడమ దగ్గర చిల్లు పడి
వంటింటి టైల్సు చల్లదనం నేరుగా ఎముకకే తగిలేది.
కాళ్లూ వాచాయి. ఇదిగో, వేలితో నొక్కితే
గుంట అలాగే ఉండిపోతుంది కాసేపు.
అడుగుతున్నానంతే. దెబ్బలాట కాదు.
అంటే, కొంచెం దెబ్బలాటే.

ఇరవై రెండేళ్లలో ఎంత దూరం నడిచావే అంటే
ఏం చెప్పను?
సాల్వాలో ఒకే ఇల్లు.
వంటింటి నుంచి మేడ మీది బట్టల తీగ దాకా
నలభై మూడు మెట్లు.
మొదట్లో ఒక్కో మెట్టుకీ ఒక్కో పేరు పెట్టుకుని
ప్రార్థన చేస్తూ ఎక్కేదాన్ని.
అమ్మ, చిన్నోడు, అప్పు, మళ్లీ అప్పు,
రాజోలు ఆస్పత్రిలో చెల్లి.
పంతొమ్మిదో మెట్టు మా ఆయన.
ఆ మెట్టు మీద ఆగేదాన్ని కాదు.

అప్పట్లో నువ్వు ఊళ్లోనే ఉండిపోయావనుకున్నాను.
నీకు అకామా ఎవరు కొట్టిస్తారు,
నీ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంటుంది అనుకుని
స్నానాలగదిలో కొళాయి తిప్పేసి
నీళ్ల చప్పుడు చాటున నిన్ను పిలిచేదాన్ని,
ఎస్టీడీ బూత్‌లో మాట్లాడినట్టు,
గట్టిగా, దూరానికి.

తర్వాత పిలవడం మానేశాను.

ఈ సంగతి సాక్ష్యాల్లో ఎవరూ చెప్పరు.
అబ్బాసియాలో కూడుకుంటాం, సెలవు దొరికినప్పుడు
(శుక్రవారమే ఇక్కడ మాకు ఆదివారం).
లేచినవాళ్లంతా లోయ సంగతి చెప్తారు, ఆ వెంటనే కొండ.
మధ్యలో చదును నేల మాట ఎత్తరు.
నాకు ఆరేళ్లు చదును.
ఏడుపూ లేదు, కలా లేదు.
వాక్యం తెరిస్తే అక్షరాలు బియ్యంలో రాళ్లలా
ఏరి పక్కన పెట్టాల్సినవిగా కనపడేవి.
మెట్లు మాత్రం ఎక్కాను.
బట్టలు ఆరాలి కదా.

ఒక మధ్యాహ్నం ఇసక గాలి లేచింది.
ఆకాశం పసుపు ముద్దయింది.
ఉతికినవన్నీ మళ్లీ ఉతకాలి.
తడి దుప్పటి మొహానికి చుట్టుకుని
తీగ పట్టుకుని నిలబడి
"ఉన్నావా" అన్నాను.
జవాబు రాలేదు.
కానీ అడిగిన ఆ గొంతు నాది కాదనిపించింది,
నన్నే ఎవరో అడిగినట్టు.
దుప్పట్లోంచే చెప్పాను,
"ఉన్నాను."

ఇప్పుడు మామాకి కాళ్లు పడిపోయాయి.
సాయంత్రాలు సముద్రం ఒడ్డున చక్రాల కుర్చీ తోస్తాను.
ఆవిడ వేళ్ల మధ్య పూసలు, నా పెదాల మధ్య నువ్వు.
"దయా, ఎవరితో గొణుగుతున్నావ్" అంది ఒకనాడు.
కూడా నడిచేవాళ్లతో అన్నాను, వచ్చీరాని అరబీలో.
ఏకవచనం తప్పిపోయిందేమో,
ఎంతమంది వస్తున్నారా అని
పాపం మెడ తిప్పి వెనక్కి చూసింది.

కొత్త చెప్పులు ఒక సైజు పెద్దవి.
వాపుకి సరిపోతాయని తీసుకున్నాను.
పొద్దున్నపూట వాపు తీసి ఉంటుంది,
అప్పుడు మడమ వెనక వేలెడంత ఖాళీ.
టపటపమంటాయి. నేనెక్కడున్నానో ఇల్లంతటికీ తెలుస్తుంది.

పదకొండు జతలూ ఎక్కడ పారేశానో గుర్తు లేదు.
అరిగిన రబ్బరు మాత్రం ఆ మెట్ల మీదే ఉండుంటుంది,
కంటికి ఆనని పొడిలా,
నేను ఎన్ని వేలసార్లు తుడిచినా పోకుండా.
నువ్వు దాని మీదే కాలు పెట్టి నడిచావేమో,
జారకుండా.

రేపు మామాకి ఆస్పత్రి. ఏడింటికల్లా కారొస్తుంది.
నాలుగున్నరకి లేపు.
నేను లేవకపోతే
మళ్లీ లేపు.