పాతిపెట్టిన మందు

హుస్నియా ఛాతీ మీద స్టెతస్కోపు ఆనిస్తే
మొదట పిల్లికూతలు,
వాటి అడుగున తడి బొగ్గు జారుతున్న చప్పుడు.
ఇరవై తొమ్మిదేళ్లు బ్రెజా గనిలోకి దిగినవాడు.
గనే ఇప్పుడు ఇతనిలోకి దిగి
షిఫ్టు మారకుండా పనిచేస్తోంది.

నేను మంగళవారాల నర్సుని.
తెమడ రంగు రాసుకోవడం నా పని.
బూడిద, పసుపు, మళ్లీ బూడిద.
డాక్టరు రాసిన బిళ్లలు కిటికీ దగ్గర
విప్పని ఉత్తరాల్లా పడి ఉంటాయి.

షెఫికా మందులు వేరు.
నల్ల ముల్లంగి తల కోసి, కడుపు తొలిచి,
తేనె నింపి గ్లాసు మీద కూర్చోబెడుతుంది.
అడుగున సూదితో పొడిచిన చిల్లు.
తెల్లారేసరికి దిగేది ఒక్క చెంచా.
"ఇంతేనా?" అంటాడు ప్రతి పొద్దూ.
"ముల్లంగిని అడుగు."

కొండరాళ్ల మీద పాకే ఊదాపూల మొక్కకి
వాళ్లు పెట్టుకున్న పేరు అమ్మ ప్రాణం.
మరిగే గిన్నెలో గుప్పెడు వేసి, తల మీద తువ్వాలు.
తువ్వాలు కింద నుంచి
ఆవిరీ, బూతులూ కలిసే వస్తాయి.

పెద్ద మందు మాత్రం మే నెలలో మొదలు.
బండి దారి పక్కన తొక్కినకొద్దీ లేచే ఆకు,
నిలువునా అయిదు ఈనెల సన్నాకు, బోక్విత్సా.
ఒక వరస ఆకు, ఒక వరస చక్కెర,
అరచేత్తో అదిమి మళ్లీ ఆకు, మళ్లీ చక్కెర.
సీసా మూతికి గుడ్డ కట్టి
మూరెడు లోతున పాతిపెడుతుంది, మూడు నెలలు.
లోపల ఎండా లేదు వానా లేదు, ఒకటే చలువ.
"గనిలోనూ అంతే," అంటాడు,
"జనవరికీ జులైకీ ఒకటే కోటు."

ఈ ఆగస్టులో గుర్తు పుల్ల కనబడలేదు.
పొరుగింటి మేక పీకిందో, వాన లాక్కుపోయిందో.
ప్లమ్ చెట్టు కింద ఒక గొయ్యి,
ఉల్లిమడిలో ఒకటి, కంచె దగ్గర రెండు.
సంచి గడప మీద పెట్టి నేనూ పార పట్టాను.
పెరడంతా పందికొక్కులు తోడినట్టయింది.

అప్పుడు హుస్నియా మెట్లు దిగాడు.
రెండు మెట్లకో దగ్గు.
చేతికర్ర తిరగేసి నేలని తట్టాడు. విన్నాడు.
ఒక అడుగు. తట్టాడు.
"నోళ్లు మూయండి."
మమ్మల్నే కాదు, తన దగ్గునీ ఆపాడు.
మెడ నరాలు తాళ్లలా లేచాయి.
కప్పు కూలేముందు రాయి గొణిగే మాట
వినడం నేర్చిన చెవి అది.
ద్రాక్ష పందిరికి జానెడు ఇవతల కర్ర ఆగింది.
"ఇక్కడ బోలుగా ఉంది."

తర్వాత, ఆపుకున్నదంతా ఒకేసారి.
పందిరి గుంజ పట్టుకుని అతను దగ్గాడు,
షెఫికా వీపు చరిచింది,
నేను తవ్వాను.

ఆకు కుంగి సగం ఖాళీ అయిన సీసా
మట్టి మొహంతో పైకొచ్చింది, షిఫ్టు దిగిన మనిషిలా.
షెఫికా ఏప్రన్ అంచుతో దాని మొహం తుడిచింది.
వెనకటికి ఎవరి మొహం అలా తుడిచేదో
నేను అడగలేదు.

ఒక చెంచా అతనికి. అడక్కుండానే ఒకటి నాకు.
ముందు తీపి, వెనక గడ్డి,
ఆ వెనక ఎక్కడో సెల్లారు వాసన.

పుస్తకం తెరిచాను. రంగు: బూడిద. మార్పు లేదు.
పెన్ను మూయబోయి, కింద ఇంకో ముక్క:
రోగి మెట్లు దిగాడు.

వెళ్తూ దారి పక్కన చూసి చూసి నడిచాను.
అయినా ఒకదాన్ని తొక్కాను.